భక్తుల చరిత్ర: మైకేల్ ఫారడే

చదువవలసిన వాక్యభాగములు: కీర్తన 111, సామెతలు 22:29, మత్తయి 24:12, మార్కు 9:50



సాయంకాలపు కూటమునకు ముందు మన పల్లె మందిరములో ఎవరో ఒకరు లేచి గోడమీది మీట నొక్కుదురు. వెంటనే దీపము వెలుగును. మనము పాటల పుస్తకము తెరచి పాడుటకు మొదలుపెట్టుదుము. ఆ వెలుగు ఏ దారిని వచ్చినదో మనము తలంచము. శ్రీశైలముననో నాగార్జునసాగరముననో నీరు దూకి చక్రములను త్రిప్పగా పుట్టిన కరెంటు, తీగల వెంబడి మన యూరికి వచ్చుచున్నది. చక్రము త్రిప్పి కరెంటు పుట్టించు మార్గమును మొదట కనుగొనినవాడు ఒక కమ్మరి కుమారుడు. అతడు ప్రతి ఆదివారము తన చిన్న సంఘముతో కూడి ప్రభువు బల్లయొద్ద కూర్చుండిన విశ్వాసి. ఆయన పేరు మైకేల్ ఫారడే.

ఈ నెల ఆయన చరిత్రను వ్రాయుటకు మాకు రెండు కారణములున్నవి. సైన్సు చదివిన పిల్లవాడు దేవుని విడిచిపోవునేమో అని కొందరు తలిదండ్రులు భయపడుచున్నారు. పేదవారమైన మేము పిల్లలకు పెద్ద చదువులు, సామగ్రి ఎక్కడనుండి తేగలమని మరికొందరు నిట్టూర్చుచున్నారు. ఈ ఇరువురును ఫారడే జీవితమును తెలిసికొనుట మేలని మాకు తోచినది.

కమ్మరి యిల్లు

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండను పట్టణపు దక్షిణ భాగమున న్యూయింగ్టన్ బట్స్ అనుచోట జన్మించెను. తండ్రి జేమ్సు ఉత్తర ఇంగ్లండు పల్లెటూరినుండి పని వెదకుకొనుచు పట్టణమునకు వచ్చిన కమ్మరి. తల్లి పేరు మార్గరెట్. నలుగురు పిల్లలలో మైకేలు మూడవవాడు. తండ్రి తరచుగా జబ్బుపడుచుండెను. కొలిమి ఆరిన దినమున ఇంటిలో పొయ్యియు ఆరుచుండెను. 1801లో ధాన్యపు ధర మిక్కిలి పెరిగినప్పుడు మైకేలునకు వారమునకు ఒక్క రొట్టెను ఇచ్చి, దానితోనే ఏడు దినములు గడుపుకొమ్మనిరట. అప్పటికి వానికి పదియేండ్లు కూడ నిండలేదు.

వాని చదువు చదువుట, వ్రాయుట, కొంచెము లెక్కలతో సరి. గణితములో ఆ కొరత జీవితాంతము నిలిచిపోయెను. అయితే ఇంటిలో ఒక ఆస్తి యుండెను. తలిదండ్రులు శాండిమేనియనులు అను చిన్న సంఘమునకు చెందినవారు. వారు ప్రభుత్వ సంఘముతో సంబంధము లేక, లేఖనములనే ఆధారము చేసికొని, పెద్దలను తమలోనుండియే ఎన్నుకొని, ఆదివారమంతయు ఆరాధనలోను ప్రేమవిందులోను గడుపువారు. ధనము కూడబెట్టుట తగదనియు, మిగిలినది బీదలదనియు వారు నమ్మిరి. మైకేలు ఈ గాలిలో పెరిగెను.

అట్టలు కట్టు దుకాణము

1804లో, పండ్రెండవ యేట, మైకేలు బ్లాండ్‌ఫర్డ్ వీధిలో జార్జి రీబో అను పుస్తకముల వర్తకుని యొద్ద వార్తాపత్రికలు ఇండ్లకు చేర్చు పనికి కుదిరెను. పిల్లవాని నమ్మకమును చూచి, మరుసటి యేట ఆ యజమానుడు రుసుము తీసికొనకయే పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్పుటకు వానిని చేర్చుకొనెను. ఏడేండ్లు ఆ పని నేర్వవలెను.

ఇతర పిల్లలు పుస్తకమును కుట్టి అంటించి ప్రక్కన పెట్టుదురు. మైకేలు దానిని చదివెను. అట్ట కట్టుటకు వచ్చిన విజ్ఞానసర్వస్వ సంపుటములో విద్యుత్తునుగూర్చిన వ్యాసమొకటి వాని కంటబడెను. జేన్ మార్సెట్ అను స్త్రీ సంభాషణల రూపమున వ్రాసిన రసాయనశాస్త్ర గ్రంథమును చదివెను. మన సంఘములు ఎరిగిన కీర్తనకారుడు ఐజాక్ వాట్స్ మనస్సును వృద్ధిచేసికొనుటనుగూర్చి వ్రాసిన పుస్తకమునుండి, చదివినదానిని వ్రాసికొనుట, తోటివారితో ముచ్చటించుట, మాటలను తూచి వాడుట అను అలవాట్లను నేర్చుకొనెను.

చదివినదానిని నమ్ముటకు ముందు తన చేతులతో చేసి చూడవలెనని వాని నియమము. వారమునకు కొన్ని పెన్నీలు మిగిల్చి, గాజుసీసా కొని, దానిని త్రిప్పుటకు పిడి యమర్చి, చిన్న విద్యుత్ యంత్రమును చేసెను. తిరుగుచున్న గాజునకు తోలుదిండు రాచుకొనగా విద్యుత్తు పుట్టును. చీకటిలో చిటుక్కుమని నిప్పురవ్వ కనబడును. రీబో దుకాణములో పనివేళ ముగిసిన తరువాత ఆ చిటుకు శబ్దము వినబడుచుండెను. యజమానుడు కోపపడక ఆదరించెను. చేతిక్రింద పిల్లలచేత పని చేయించుకొను ప్రతివారును ఈ రీబోను జ్ఞాపకముంచుకొనుట మంచిది.

1810లో టాటం అను ఒకాయన తన యింటిలో సాయంకాలపు ఉపన్యాసములు ఇచ్చుచుండెను. ప్రవేశమునకు ఒక షిల్లింగు. మైకేలు చేతిలో అంత సొమ్ము లేదు. కమ్మరిపని చేయుచున్న అన్న రాబర్టు ఆ సొమ్ము ఇచ్చెను. ఆ సంవత్సరమే వారి తండ్రి మరణించెను. తండ్రి పోయిన యింటిలో అన్న తమ్ముని చదువునకై షిల్లింగు తీసి యిచ్చుట చిన్న సంగతి కాదు.

ఏడు అర్ధపెన్నీలు

1812వ సంవత్సరము జూలైలో మైకేలు ఒక స్నేహితునికి ఉప్పొంగు హృదయముతో ఉత్తరము వ్రాసెను. తన స్వంత చేతులతో ఒక బ్యాటరీ చేసితినని అందలి విశేషము. జింకు రేకును అర్ధపెన్నీ నాణెమంత ఏడు బిళ్లలుగా కత్తిరించెను. ఒక్కొక్క బిళ్లపై ఒక్కొక్క రాగి నాణెము పెట్టెను. జతకును జతకును నడుమ ఉప్పునీటిలో తడిపిన కాగితము ముక్కను ఉంచెను. ఏడు నాణెములు, ఏడు బిళ్లలు, ఆరు తడి కాగితములు, అంతే. ఈ చిన్న దొంతరనుండి వచ్చిన విద్యుత్తు, మనము భేదిఉప్పు అనుదాని ద్రావణములో ప్రవహించి దానిని విడదీసెను.

ఇందులో ఒక సంగతిని గమనింపుడు. కాగితము పొడిగా నుండిన యెడల ఈ దొంతర పనిచేయదు. తడిపినను చాలదు, ఆ నీటిలో ఉప్పు ఉండవలెను. ఏది విద్యుత్తును దాటనిచ్చును, ఏది అడ్డగించును అను ప్రశ్న ఆ దినముననే ఆ యువకుని మనస్సులో నాటుకొనియుండవలెను. ఇరువదియొక్క సంవత్సరముల తరువాత అది ఫలించెను.

తెరచిన తలుపు

ఆ సంవత్సరపు ఆరంభమున డాన్సు అను దుకాణపు ఖాతాదారుడొకడు మైకేలు ఆసక్తిని చూచి, రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సర్ హంఫ్రీ డేవీ ఇచ్చు నాలుగు ఉపన్యాసములకు టిక్కెట్లు ఇచ్చెను. డేవీ అప్పటి గొప్ప రసాయనశాస్త్రజ్ఞుడు. మైకేలు విన్నదంతయు వ్రాసికొని, బొమ్మలు గీసి, మూడు వందల పుటలకు పైబడిన గ్రంథముగా తానే అట్ట కట్టి, డిసెంబరులో డేవీకి పంపి, విజ్ఞానపు పనిలో ఏదైన చోటు ఇప్పించుమని వేడుకొనెను. అంతకుముందు మరియొక గొప్పవానికి వ్రాయగా జవాబే రాలేదు. డేవీ దయగా పిలిపించి మాటలాడెను గాని, పని ఖాళీ లేదు. అట్టలు కట్టు పనిని విడువవద్దని సలహా యిచ్చెను.

కొన్ని వారములకే ప్రయోగశాలలోని సహాయకుడు తగవులాడి పని పోగొట్టుకొనెను. 1813 మార్చి 1వ తేదీన ఫారడేకు ఆ పని దొరికెను. వారమునకు ఇరువదియైదు షిల్లింగులు, మేడమీద రెండు గదులు, వంటచెరకు, క్రొవ్వొత్తులు. సీసాలు కడుగుట మొదలుకొని ఆయన అక్కడ పనిచేసెను. అదే సంవత్సరము డేవీ దంపతులతో ఐరోపాఖండ యాత్రకు వెళ్లినప్పుడు, డేవీ భార్య ఆయనను సేవకునివలె చూచినందున మనస్సు నొచ్చెను. అయినను ఓర్చుకొని, నేర్వవలసినది నేర్చి, 1815లో తిరిగివచ్చెను. 1825 నాటికి ఆ ప్రయోగశాలకు ఆయనే అధికారి. తన పనిలో నిపుణతగలవాడు రాజులయెదుట నిలుచునని సామెతల గ్రంథము చెప్పిన సంగతి ఈయనయందు అక్షరాల నెరవేరెను.

సాక్ష్యము, శోధన

1821 జూన్ 12వ తేదీన ఫారడే తన సంఘమునకే చెందిన సారా బర్నార్డును వివాహమాడెను. నెల గడవగానే సంఘము ఎదుట లేచి విశ్వాసపు ఒప్పుకోలు చేసి సభ్యుడాయెను. ఆయన వయస్సు అప్పటికి ఇరువదితొమ్మిది. ఆ శరత్కాలముననే, విద్యుత్తు పారు తీగ అయస్కాంతము చుట్టు ఎడతెగక తిరుగునట్లు చేసి చూపెను. నేడు మన పొలములలో నీరు తోడు మోటారుకును, ఇంటిలోని పంకాకును మూలము అదే.

1831 ఆగస్టు 29వ తేదీన ఆయన ఒక ఇనుప కడియమునకు రెండు ప్రక్కల రెండు తీగచుట్లు చుట్టెను. ఒక చుట్టను బ్యాటరీకి కలిపిన క్షణమునను, విడదీసిన క్షణమునను రెండవ చుట్టలో సూచిక కదలెను. మన వీధి చివరనున్న ట్రాన్స్‌ఫార్మరునకు ఇదియే తాత. అక్టోబరు 17వ తేదీన ఒక అయస్కాంతపు కడ్డీని తీగచుట్టలోనికి త్రోసి లాగగా, బ్యాటరీ లేకయే కరెంటు పుట్టెను. మందిరపు దీపమునుగూర్చి మేము మొదట చెప్పిన మాట ఇక్కడ నెరవేరినది.

మంచుగడ్డ

అయితే నేడు మా ధ్యానమునకు ఆధారము అంతకంటె చిన్న ప్రయోగము. 1833 జనవరిలో, చలికాలమున, ఫారడే విద్యుత్తు దారిలో పలుచని మంచుగడ్డను అడ్డము పెట్టెను. నీటిలోనుండి కరెంటు పారునని అందరు ఎరుగుదురు. మంచుగడ్డ నీరే గదా! కాని సూచిక కదలలేదు. బ్యాటరీ బలముగానే యున్నది. తీగలు సరిగానే యున్నవి. నడుమనున్న ఆ కొద్దిపాటి మంచు సమస్తమును ఆపివేసినది. అది కరగగానే కరెంటు పారెను.

ఆయన అక్కడ ఆగక, సీసపు క్లోరైడు, వెండి క్లోరైడు, సురేకారము మొదలగు లవణములను ఒక్కొక్కటిగా పరీక్షించెను. గట్టిగా నున్నప్పుడు అవి అడ్డగించెను. వేడిచేసి కరగించినప్పుడు దారి యిచ్చెను. దీని కారణము నేడు తేటగా తెలియును. ఉప్పులో విద్యుత్తు మోయు అతిసూక్ష్మ కణములు గలవు. గట్టిగానున్నప్పుడు అవి గోడలోని ఇటుకలవలె బిగుసుకొని కదలలేవు. కరగినప్పుడు, లేక నీటిలో కలిసినప్పుడు, విడుదల పొంది నడచును. ఆ కణములకు అయానులు అను పేరును 1834లో ఫారడేయే, వ్యూయెల్ అను పండితుని సహాయముతో వాడుకలోనికి తెచ్చెను.

మరి కరగినదంతయు కరెంటును మోయునా? మోయదని ఆయనయే చూపెను. గంధకము, చక్కెర, కొవ్వు, తిమింగలపు మైనము మొదలగునవి కరగి నీళ్లయినను అడ్డగించుచునే యుండెను. వాటిలో మోయగల కణములు లేవు. ఈ మాటను మనస్సున ఉంచుకొనుడు. దీనియొద్దకు మరల వచ్చెదము.

అదే పరిశోధనలో మరియొక విచిత్రము కనబడెను. లోహములు వేడెక్కినకొలది కరెంటును కష్టముగా మోయును. వెండియు గంధకమును కలిసిన ఒక పదార్థము మాత్రము వేడెక్కినకొలది సులువుగా మోసెను. కారణము ఆయనకు దొరకలేదు; చూచినదానిని మాత్రము నమ్మకముగా వ్రాసిపెట్టెను. అర్ధవాహకములు అను వర్గమునకు చెందిన పదార్థము అదియని పిమ్మట తెలిసెను. 1947లో అమెరికాలో మొదటి ట్రాన్సిస్టరు అట్టి పదార్థముతోనే చేయబడెను. నేటి రేడియో, సెల్‌ఫోను, ఎల్.ఇ.డి. దీపము ఆ వర్గపు పదార్థములవలననే పనిచేయుచున్నవి. విత్తువాడు ఒకడు, కోయువాడు ఒకడు.

పిల్లల ఎదుట

ఫారడే దంపతులకు సంతానము లేదు. కాని లండనులోని పిల్లలనేకులు ఆయనను ఎరిగిరి. క్రిస్మసు దినములలో రాయల్ ఇన్‌స్టిట్యూషనులో పిల్లలకొరకు జరుగు ఉపన్యాసములను ఆయన 1827 మొదలుకొని 1860 వరకు పందొమ్మిది పర్యాయములు ఇచ్చెను. అంతటి పండితుడు పిల్లల ఎదుట మాటలతో మాత్రమే నిలువలేదు. ప్రతి సంగతిని చేసి చూపెను. చివరిసారి ఒక్క క్రొవ్వొత్తిని వెలిగించి, అది ఎట్లు మండునో, ఏమి కాలునో, ఏమి మిగులునో ఆరు ఉపన్యాసములలో వివరించెను. బీదవాని గుడిసెలోని దీపమును తీసికొని సృష్టిలోని నియమములను చూపెను. మన ప్రభువు ఆవగింజను, పులిసిన పిండిని, ఇంటిలోని దీపమును తీసికొని రాజ్యమర్మములను బోధించిన విధము మనకు తెలిసినదే గదా.

మన యిండ్లలో పిల్లలు చేయదగినది

ఆదివారపు బడి ఉపాధ్యాయులు, తలిదండ్రులు పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని ఈ చిన్న పరీక్ష చేయింపవచ్చును. రెండు టార్చిలైటు సెల్లులు, ఒక టార్చి బల్బు, మూడు రాగితీగ ముక్కలు చాలును. సెల్లులను ఒకదాని వెనుక నొకటి వరుసగా పెట్టి, మొదటి తీగతో వాటి అడుగును బల్బునకు కలుపుడు. బల్బు రెండవ కొననుండి రెండవ తీగను, సెల్లుల పైబొడిపెనుండి మూడవ తీగను తెచ్చి, వాటి కొనలను విడిగా ఉంచుడు. కొనలు తాకినప్పుడు బల్బు వెలిగిన యెడల అమరిక సరియైనది.

ఇప్పుడు ఆ రెండు కొనల నడుమ ఒక్కొక్క వస్తువును పెట్టుడు. ఇనుప మేకు, స్టీలు గరిటె, ఇత్తడి తాళపుచెవి పెట్టగా బల్బు వెలుగును. చీపురుపుల్ల, నూలుదారము, రబ్బరు చెప్పు, గాజు, ప్లాస్టిక్కు దువ్వెన పెట్టగా వెలుగదు. పెన్సిలు లోని నల్లని ముల్లు పొట్టిదైన యెడల మసకగా వెలిగించును. ముందుగా ఊహించి చెప్పుమని పిల్లలను అడుగుడు. తరువాత చేసి చూపుమనుడు. ఊహ తప్పినవానిని నవ్వవద్దు. ఫారడే ఊహలు కూడ అనేకములు తప్పినవి. ఆయన వాటినిగూడ తన దినచర్య పుస్తకములో దాచక వ్రాసెను.

కడపట ఒక కల్లుప్పు గడ్డను తీసికొనుడు. పొడి ఉప్పునకు రెండు కొనలను తాకింపగా ఏమియు జరుగదు. అదే ఉప్పును గ్లాసు నీటిలో కరగించి, కొనలను ఒకదానికొకటి తగులకుండ ముంచుడు. కరెంటు కొంచెమే గనుక బల్బు వెలుగదు. కాని సెల్లు అడుగునుండి వచ్చు దారికి చెందిన కొనయొద్ద సన్నని బుడగలు లేచుట కనబడును. ఉప్పులో బిగుసుకొనియున్న కణములు కరగినప్పుడు నడచుచున్నవని అర్థము. రెండు మూడు నిమిషములు చూచి, ఆ నీటిని పారబోసి, చేతులు కడుగుకొనుడు.

ఒక్క హెచ్చరిక. ఇది సెల్లులతో మాత్రమే చేయవలెను. గోడలోని కరెంటుతోను, పొలములోని మోటారు తీగలతోను ఎన్నడును చేయరాదు. మన దేహము ఉప్పునీటితో నిండినది గనుక కరెంటు దానిగుండ పోవును. చర్మము తడిసియున్నప్పుడు మరింత సులువుగా పోవును. తడిచేతులతో మీటను ముట్టవద్దనియు, తెగిపడిన తీగ దాపునకు పోవద్దనియు పెద్దలు చెప్పుటకు కారణము ఇదియే. ఈ పాఠమును పిల్లవాడు బల్బుయొద్ద నేర్చుకొనిన యెడల, ఒకనాడు పొలములో వాని ప్రాణము నిలుచును.

సంఘములో ఫారడే

లోకము ఫారడేను ఘనపరచగోరెను. సర్ అను బిరుదును ఆయన అంగీకరింపలేదు. రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని రెండుసార్లు నిరాకరించెను. కర్మాగారములవారు బయటి పనులకు పిలుచుచుండగా, వాటిని తగ్గించుకొని శోధనకే తన కాలమును అర్పించెను. నావికుల ప్రాణములు నిలుపు దీపస్తంభములకు సలహాదారుగా మాత్రము 1836 మొదలు ఇంచుమించు ముప్పది సంవత్సరములు సేవచేసి, ముసలితనములోను సముద్రతీరములకు వెళ్లుచుండెను.

1853లో లండనులో బల్లల చుట్టు కూర్చుండి చేతులుంచగా బల్లలు తామే తిరుగుచున్నవనియు, ఆత్మలు త్రిప్పుచున్నవనియు ఒక పిచ్చి వ్యాపించెను. ఫారడే రెండు పలకల నడుమ గాజు కడ్డీలుంచి, సూచికగా ఒక గడ్డిపోచను అమర్చి, కూర్చున్నవారి చేతులే తెలియకయే బల్లను నెట్టుచున్నవని నిరూపించెను. సూచిక కంటికి కనబడగానే బల్ల కదలుట ఆగిపోయెను. జీవముగల దేవుని నమ్మినవాడు ప్రతి వదంతిని నమ్మనక్కరలేదు. దయ్యము పట్టినదని, చేతబడి చేసిరని మన పల్లెలలో మాట పుట్టినప్పుడు, ఆ గడ్డిపోచవంటి చిన్న పరీక్ష ఎన్ని కుటుంబములను కాపాడగలదో ఆలోచింపుడు.

1840లో సంఘము ఆయనను పెద్దగా ఎన్నుకొనెను. ఆయన వాక్యము చెప్పెను. రోగులను బీదలను దర్శించెను. అయితే 1844లో సంఘమునందు కలిగిన భేదములలో ఆయనయు మరికొందరును సహవాసమునుండి తొలగింపబడిరి. లోకములోని రాజులు గౌరవించు మనుష్యుని, కొద్దిమంది సామాన్యులు బల్లయొద్దనుండి లేపివేసిరి. మనలో ఒకనికి ఇట్లు జరిగిన యెడల ఏమి చేయుదుము? వేరొక సంఘము పెట్టుదుము, లేక కోర్టుకెక్కుదుము. ఫారడే హృదయము నలిగెను. కాని ఆయన ఎక్కడికిని పోలేదు. కొన్ని వారములకు మరల చేర్చుకొనబడెను. పెద్దరికము మాత్రము పదునారేండ్లు తిరిగిరాలేదు. అంతకాలము వెనుక బెంచీమీద కూర్చుండుటకు ఆయన సిగ్గుపడలేదు. 1860లో సంఘము మరల పిలువగా, మరి నాలుగేండ్లు పెద్దగా సేవచేసెను.

ఆయన తన శాస్త్రమును చూపి విశ్వాసమును రుజువు చేయ యత్నింపలేదు. విశ్వాసమును చూపి శాస్త్రములో పరీక్షను తప్పించుకొనలేదు. సృష్టిలో దేవుని శక్తి తేటపడుచున్నదని రోమా పత్రిక మొదటి అధ్యాయమునుండి నమ్మెను. రక్షణ మాత్రము పరిశోధనవలన గాక దేవుని కృపవలన వచ్చునని ఒప్పుకొనెను. అందువలన ఆయనకు రెండింటిలో దేనినిగూర్చియు భయము కలుగలేదు.

సాయంకాలము

నలువదియెనిమిదేండ్ల వయస్సు మొదలుకొని ఆయనకు తలతిరుగుట, మరపు సంభవించెను. కొంతకాలము పని మానుకొనవలసివచ్చెను. 1845లో మరల లేచి, వెలుగునకును అయస్కాంతశక్తికిని సంబంధము గలదని కనుగొనెను. 1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టులో ఉచితముగా ఒక యిల్లు ఇచ్చెను. మరపు ఎక్కువైనకొలది పనులను ఒక్కొక్కటిగా అప్పగించి, సణుగక, భార్య ఆదరణలో దినములు గడిపెను. 1867 ఆగస్టు 25వ తేదీన తన కుర్చీలో కూర్చుండియే ప్రభువునందు నిద్రించెను. పూర్వము రాజులను పాతిపెట్టిన వెస్ట్‌మినిస్టరు మందిరములో సమాధి ఆయన కోరలేదు. హైగేట్ శ్మశానములో, పేరును తేదీలును మాత్రమే చెక్కిన సాదా రాయి క్రింద ఉంచబడెను.

మన ధ్యానము

ప్రియులారా, ఫారడే తన ప్రయోగములను ప్రసంగములుగా మార్చలేదు. అయినను మంచుగడ్డను ఒక ఉపమానముగా తీసికొనుటకు మేము సాహసించుచున్నాము. ఇది రుజువు కాదు, ఉపమానము మాత్రమే.

దేవుని శక్తి తగ్గలేదు. మందిరమున్నది, వాక్యమున్నది, అవసరములో నున్న పొరుగువాడు ఉన్నాడు. నడుమ మనమున్నాము. అనేకుల ప్రేమ చల్లారునని ప్రభువు మత్తయి సువార్త 24వ అధ్యాయమున హెచ్చరించెను. అన్నదమ్ములు పొలము గట్టు విషయమై మాటలాడుట మానిరి. ఒకే సంఘములో రెండు కుటుంబములు వేరువేరు ద్వారములను వచ్చి పోవుచున్నవి. పైకి చూడ మంచును నీరే. పేరు క్రైస్తవ పేరే. కాని ఆ పలుచని చలిగడ్డ సమస్తమును ఆపివేయుచున్నది.

మరి కూటములలో కన్నీరు కార్చి కరగుట చాలునా? మైనమును కరగును గాని మోయదు. ఉప్పును తమలో కలిగియుండుడని, ఒకరితో ఒకరు సమాధానముగా ఉండుడని ప్రభువు మార్కు సువార్త 9వ అధ్యాయమున రెండింటిని జతచేసి బోధించెను. లోపల ఉప్పు ఉండవలెను, ఆ ఉప్పు కరగవలెను. 1844లో ఫారడే హృదయము మంచుగా గడ్డకట్టగలిగియుండెను. మైనమువలె కరగి మరచిపోగలిగియుండెను. ఆయన ఉప్పువలె కరగెను. నొప్పిని సహించి, బల్లయొద్దకు తిరిగివచ్చి, మరల సేవచేసెను.

కావున తలిదండ్రులారా, పిల్లలు అడుగు ప్రశ్నలకు భయపడకుడి. వారి చేతికి రెండు సెల్లులును ఒక బల్బును ఇయ్యుడి. అన్నలారా, తమ్ముని చదువునకు ఒక షిల్లింగు ఇచ్చిన రాబర్టును జ్ఞాపకము చేసికొనుడి. సంఘ పెద్దలారా, తొలగించుటకు మాత్రమే గాక మరల చేర్చుకొనుటకును త్వరపడుడి. నొచ్చుకొని ఇంటియొద్ద నిలిచిపోయిన సహోదరుడా, సహోదరీ, వచ్చు ఆదివారము వెనుక బెంచీమీద నీ చోటు ఖాళీగా నున్నది.

ప్రార్థన

ఆకాశమును భూమిని చేసిన తండ్రీ, నీ క్రియలను వెదకి సంతోషించు మనస్సును మా పిల్లలకు దయచేయుము. మా నడుమ గడ్డకట్టిన చలిని నీ కుమారుని ప్రేమతో కరగించుము. మాలో ఉప్పును నిలుపుము. నీయొద్దనుండి వచ్చు మేలు మాయొద్ద ఆగిపోక, మా పొరుగువారికి చేరనిమ్ము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.